తాత కొమ్ములు

మా హాల్లో గోడకి ఒక జత కొమ్ములున్నాయి. నల్లగా, కణుపులు కణుపులుగా, మెలిపెట్టిన తాళ్ళలా ఒక్కోటీ మూరెడు పైనే ఉంటాయి. కృష్ణజింకవి. మా తాత కొట్టింది. వెనక ఉన్న చెక్కమీద ‘1958’ అని ఆయనే మేకుతో చెక్కుకున్నాడు. పుట్టింటి నుంచి నాకు దక్కిన ఆస్తులు రెండే. ఒకటి ఈ కొమ్ములు, రెండోది వజ్రకరూరు దగ్గర ఐదెకరాల మెట్ట. బంగారం సంగతి మా వదినల్ని అడగండి.

కొమ్ములకి కాగితాలున్నాయి లెండి. చట్టం వచ్చాక తాత ఫారెస్టు వాళ్ళకి చూపించి రాయించుకున్నాడు. ఇన్నేళ్ళుగా వాటివల్ల జరిగిన ఉపకారం ఏమిటంటే, వచ్చినవాళ్ళు గొడుగులు తగిలించుకోవడం. అనంతపురంలో గొడుగులేమిటని నవ్వకండి. మాకు గొడుగు వానకి కాదు, ఎండకి.

మొన్న వేసవి సెలవుల్లో మా అమ్మాయి ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి, "అమ్మా, ఆ పుర్రె తీసేయవా? సాయంత్రం నా ఫ్రెండ్స్ వస్తున్నారు" అంది.

"పుర్రె ఏమిటే, కొమ్ములు" అన్నాను.

"కొమ్ములు దేనిమీద మొలుస్తాయేం?"

ఇంటర్మీడియెట్‌లో బైపీసీ చదివే పిల్లతో వాదం పెట్టుకోకూడదు. నిజమే, రెండు కొమ్ముల మధ్య అరచేయంత ఎముక ఉంది. ఇరవై ఏళ్ళుగా దాని దుమ్ము దులుపుతున్నాను గానీ అదొక తల అని ఏనాడూ అనుకోలేదు. తీసి అటకమీద పెట్టాను. అది అక్కడితో ఊరుకుంటే నాకీ వ్యాసం రాసే పని ఉండేది కాదు. స్టూలు పట్టుకుని నిలబడి, కింది నుంచి అడిగింది: "అమ్మా, మీ తాత మంచివాడేనా?"

"ఆ రోజుల్లో అది నేరం కాదే" అన్నాను.

"నేరం సంగతి కాదు, తప్పా కాదా అని."

బి.ఏ.లో నేను ఫిలాసఫీ చదివాను. నేరానికీ తప్పుకీ తేడా ఏమిటో పరీక్షలో నాలుగు పేజీలు రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. స్టూలు మీద నిలబడి ఉండగా అందులో ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

మా తాత సంగతి చెప్పాలంటే ముందు మా నేల సంగతి చెప్పాలి. ఉరవకొండ దాటి వజ్రకరూరు వైపు వెళితే ఎర్ర నేలా నల్ల నేలా కలగాపులగంగా ఉంటాయి. మధ్య మధ్య గుండ్లు, తుమ్మచెట్లు, ఎక్కడో దూరంగా బోడికొండలు. ఏడాదికి కురిసే వాన అయిదువందల యాభై మిల్లీమీటర్లు, అదీ దయ కలిగిన ఏడు. తొలకరి పడితే మా దగ్గర కొందరు విత్తనాల కంటే ముందు వజ్రాల కోసం చేలలోకి వస్తారు. వంగి వంగి నేలంతా వెదుకుతారు. దొరికినవాళ్ళ కథలే మనకి వినపడతాయి, దొరకనివాళ్ళు మామూలుగా ఇంటికెళ్ళి అన్నం తింటారు.

అటువంటి బయలు కృష్ణజింకకి పుట్టినిల్లు. దానికి దట్టమైన అడవి పనికిరాదు. కంటిచూపు సాగాలి, కాలు సాగాలి. మగదాన్ని తాత ‘ఇర్రి’ అనేవాడు, ఆడదాన్ని ‘లేడి’ అనేవాడు. కొమ్ములు ఇర్రికే. వయసు ముదిరేకొద్దీ దాని వీపు నల్లబడుతుంది, పొట్ట మాత్రం తెల్లగా మల్లెపువ్వులా ఉంటుంది. గంటకి ఎనభై కిలోమీటర్ల దాకా పరుగెత్తగలదట. అంత పరుగు ఎందుకు నేర్చిందంటే, ఒకప్పుడు దాన్ని తరమడానికి చీతా ఉండేది కాబట్టి. చీతా మనదేశంలో లేకుండా పోయింది. 1952లో మన చిత్తూరు జిల్లాలో ఒకదాన్ని చూసినట్టు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో పడింది. ఆ తర్వాత, 2022లో నమీబియా నుంచి విమానంలో తెచ్చి మధ్యప్రదేశ్‌లో కూనో అడవిలో వదిలేదాకా, మన నేలమీద చీతా మాటే లేదు. తరిమేది పోయినా జింక పరుగు మాత్రం మానలేదు. నన్నడిగితే పెళ్ళయి పాతికేళ్ళయినా అత్తగారి అడుగుల చప్పుడుకి ఉలిక్కిపడే కోడళ్ళు కూడా అంతే.

ఈ జింకని కొట్టడం సులభం కాదు. దాక్కోవడానికి చెట్టుండదు. మనిషి అల్లంత దూరాన కనపడగానే మంద మందంతా లేచిపోతుంది. తాత చెప్పే ఉపాయం నాకిప్పటికీ వినపడుతూ ఉంటుంది.

"ఇర్రి మనిసిని చూస్తే పరిగెత్తుతాది. ఎద్దును చూస్తే పరిగెత్తదు. కాబట్టి మనిసి ఎద్దయిపోవల్ల."

అంటే, ఎద్దులబండి కట్టించి, బండిచక్రం చాటున నడుస్తూ పోవాలి. బండిని తిన్నగా మందమీదికి తోలకూడదు. ఏదో పొలానికి పోతున్నట్టు పక్కవాటుగా, చుట్టూ తిప్పుతూ, తిప్పిన ప్రతిసారీ కాస్త దగ్గరికి జరపాలి. తోలేవాడు ఎద్దుల్ని అదిలించే మాట కూడా మామూలుగానే ఉండాలి. సరైన దూరం రాగానే వేటగాడు కూలబడిపోతాడు, బండి ఆగకుండా ముందుకు సాగిపోతుంది. జింక పోయే బండిని చూస్తూ ఉంటుంది. ఇక్కడ జోడుగొట్టాల తుపాకి లేస్తుంది.

నా చిన్నప్పుడు ఈ చోట నేను ఊపిరి బిగబట్టేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే, జింక నమ్మింది ఎద్దుని కదా, ఎద్దు చాటున కదా చంపారు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు. పదేళ్ళ పిల్లకి కథలో తుపాకి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే హీరో.

ఏ మాటకామాట చెప్పుకోవాలి, తాతకి మూడు కట్టుబాట్లుండేవి. లేడిని కొట్టకూడదు. నీళ్ళ దగ్గర కొట్టకూడదు – ఎండిపోయిన చెరువులో చలమ తవ్వితే ఊరుతున్న నాలుగు చేరల నీళ్ళకోసం వచ్చినదాన్ని అసలు కొట్టకూడదు. దెబ్బతిన్నదాన్ని వదిలేసి ఇంటికి రాకూడదు. పరిగెత్తడానికి చోటున్నప్పుడే దాన్ని అడగాలట, దాని ప్రాణం. ‘అడగాల’ అనేవాడు, ‘తియ్యాల’ అనేవాడు కాదు. జింక ఎప్పుడు ఒప్పుకుందో మాత్రం చెప్పలేదు.

ఇక మా అవ్వ. తాత అరుగుమీద కథ మొదలుపెట్టగానే లోపలినుంచి ఆవిడ గొంతు వినపడేది: "ఏటకు పోయేది మూడు గంటలు, చెప్పేది ముప్పై ఏండ్లు. తెచ్చిందాన్ని కోసి, వండి, అర్ధరాత్రి దాకా చట్లు తోమింది ఎవురంట?" ఆవిడ తినేది కాదు. వంటింట్లోకి రానిచ్చేది కాదు. పెరట్లో వేపచెట్టు కింద వేరే పొయ్యి, వేరే చట్లు. అయినా వండిపెట్టేది. 1952 కరువులో, రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టిన రోజుల్లో, తాత కొట్టుకొచ్చిన మాంసం ఊళ్ళో చాలా ఇళ్ళకి పోయిందట. ‘ఆ ఏడు మాత్రం నేను తిట్టలేదు’ అనేది అవ్వ. ఎవరూ పుణ్యం మాటా పాపం మాటా ఎత్తలేదట. ఎముకల పులుసు కోసం చెంబులు పట్టుకుని పిల్లలు వచ్చారు, అంతే.

నేను నవలలు రాసేదాన్ని గనక, మా తాత వేట మానేసిన కథని మంచి పశ్చాత్తాపం కథగా రాద్దామని ఒకసారి కూర్చున్నాను. చూడి లేడి, దాని కళ్ళలో నీళ్ళు, తాత చేతిలోంచి జారిన తుపాకి, ఇవన్నీ ఊహించుకున్నాను. అమ్మకి చదివి వినిపిస్తే నవ్వింది. "మీ తాత మానేసింది కంట్లో పొర వచ్చిందని. రెండుసార్లు గురి తప్పి బండి చక్రానికి తగిలింది. బండి తోలేవాడు ఇంక రానన్నాడు" అంది. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చేసరికి ఆయన మానేసి ఏడాదో రెండేళ్ళో అయింది. కానీ ఊళ్ళో మాత్రం ‘గవుర్మెంటు వద్దన్నాది, మానేసినా’ అని చెప్పుకునేవాడట. చట్టాన్ని అంత గౌరవించిన మనిషి మా వంశంలో ఇంకొకరు లేరు.

కాలేజీ రోజుల్లో లైబ్రరీలో జిమ్ కార్బెట్‌నీ, కెన్నెత్ ఆండర్సన్‌నీ ఒళ్ళు గగుర్పొడుస్తుంటే చదివాను. ఆండర్సన్ బెంగళూరు మనిషి, మన చిత్తూరు వైపు చామల లోయలో కూడా పులివేటకి తిరిగి రాశాడు. ఇద్దరూ ఎన్ని పులుల్ని కొట్టారో అంతగా అడవిని ప్రేమించారు. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా ఇమిడాయా అని అప్పట్లో ఆశ్చర్యపోయేదాన్ని. ఇప్పుడు ఆశ్చర్యం ఇంకోచోట ఉంది. 1907లో కార్బెట్ కొట్టిన చంపావత్ పులి నాలుగువందల ముప్పై ఆరు మందిని చంపిందంటారు. వాళ్ళలో గడ్డికీ పుల్లలకీ వెళ్ళిన ఆడవాళ్ళు ఎందరో. ఆ పులి పేరు ఇవాళ ఇంటర్మీడియెట్ పిల్లలకి కూడా తెలుసు. పుల్లలకి వెళ్ళిన ఒక్క ఆడమనిషి పేరు నాకు తెలియదు.

మన పురాణాల్లో వేట సాధారణంగా శాపంతో ముగుస్తుంది. దశరథుడు చప్పుడు విని బాణం వేశాడు, శ్రవణుడు పోయాడు. పాండురాజు జింకల జంటని కొట్టాడు, మగజింక కిందముడనే మునిగా మారింది. అక్కడ ఆ ముని మాట గమనించాలి. జింకని వేటాడావని నేను నిన్ను తప్పుపట్టడం లేదు, ఆ సమయంలో కొట్టావే, అది తప్పు అంటాడు. అంటే మా తాత కట్టుబాట్ల లాంటిదే. కన్నప్పగా మారిన తిన్నడైతే వేటాడిన మాంసాన్నే శివుడికి పెట్టాడు, మనం ఇవాళ్టికీ ఆయనకి దణ్ణం పెడతాం. సంక్రాంతికి అహోబిలం నరసింహస్వామి పారువేటకి చెంచుగూడేలకు బయలుదేరతాడు, తిరుమలలో కనుమనాడు స్వామివారికే పారువేట ఉత్సవం. మీరు ఎప్పుడైనా లేపాక్షి వెళితే మండపం పైకప్పు బొమ్మల్లో కిరాతార్జునీయం చూడండి. అడవిపంది ఒకటే, బాణాలు రెండు. ‘నేను కొట్టానంటే నేను కొట్టాన’ని అర్జునుడూ, బోయవేషంలో ఉన్న శివుడూ కొట్టుకుంటారు. చివరికి అర్జునుడికి పాశుపతం దొరికింది. పంది సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ పంది ఎవరి చేలో పడి మేసి వచ్చిందో కూడా ఎవరూ అడగలేదు. వేట కథలన్నీ రాజూ జంతువూ మధ్యే నడుస్తాయి. మూడోవాడు, చేనుగలవాడు, బొమ్మలో ఉండడు.

మూడోవాడు నాకు ఫోను చేసింది భాద్రపదంలో. మా ఐదెకరాలు కౌలుకి చేస్తున్న మనిషి. నాకంటే రెండు మూడేళ్ళు చిన్న. అక్కా అంటాడు.

"అక్కా, శెనక్కాయ ఊడలు దిగి కాయ పట్టింది. పందులు పడినాయి. రాత్రికి ఇరవై వస్తాండాయి. దున్నినట్టు దున్నేసినాయి. ఒక మూల అరెకరం పోయింది."

"అయ్యో" అన్నాను. ఊళ్ళో ఉండేవాళ్ళ దగ్గర ఆ మాటకి లోటుండదు.

"ఒక తీగ లాగుతా అక్కా. రాత్రి కరెంటు ఇస్తే ఒకటి రెండు పడతాయి, మిగిలినవి ఇంగ రావు. నీ చేను కాబట్టి ఒక మాట అడుగుదామని."

వద్దంటే వద్దన్నాను. వెంటనే అన్నాను. అటువంటి తీగలకి తగిలి నీళ్ళు కట్టడానికి పోయిన రైతులూ, ఆడుకుంటున్న పిల్లలూ పోయిన వార్తలు పేపర్లో ఎన్ని చదవలేదు! అదీగాక చట్టం ఉంది. అడవిపందిని ఇష్టమొచ్చినట్టు చంపకూడదు. చంపాలంటే అనుమతికి కాగితం పెట్టుకోవాలి. ఇవన్నీ చక్కగా వివరించాను. మా ఆయన పక్కగదిలోంచి వచ్చి, ఉపన్యాసం బాగుందన్నట్టు తల ఊపి వెళ్ళారు.

అవతల మనిషి అంతా విన్నాడు. "నువ్వు వద్దంటే పెట్టనక్కా. అయితే ఆ మాటేదో పందులకు కూడా ఒకసారి చెప్పు" అన్నాడు.

కోపంతో కాదు, నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు. కారణం ఆ మాట ఒక్కటే కాదు.

ఆ చేను వాళ్ళకి ఎలా వచ్చిందో ఇప్పుడు చెప్పాలి. తాత కథల్లో ఒకటి నేనింకా మీకు చెప్పలేదు. అరవైల్లో ఒకసారి పందివేటకి వెళ్ళారు. పొదల్లోంచి పందిని తోలడానికి ఊళ్ళోవాళ్ళు డప్పులతో వచ్చారు. తాత గుండు పందికి సరిగ్గా తగల్లేదు. దెబ్బతిన్న పంది ఎంత ప్రమాదమో వేట తెలిసినవాళ్ళు ఎవర్నడిగినా చెబుతారు. దెబ్బతిన్నదాన్ని వదిలి రాకూడదు కదా, కట్టుబాటు. తాత నెత్తుటి జాడ పట్టుకుని పోయాడు. ముందు నడిచినవాడు డప్పు కొట్టే మనిషి. పంది పొదలోంచి దూసుకొచ్చి అతని తొడ చీల్చేసింది. బండిలో వేసుకుని ఉరవకొండ ఆస్పత్రికి తెచ్చారు. ప్రాణం దక్కింది, కాలు ఈడ్చి నడవడం మిగిలింది. తాత అతన్ని పిలిచి, ‘ఈ ఐదెకరాలు నువ్వే చేసుకో, నీ తర్వాత నీ పిల్లోళ్ళు చేసుకోనీ’ అన్నాడు. రాసివ్వలేదు. గుత్తకి చేసుకోమన్నాడు. చిన్నప్పుడు ఇది తాత గొప్ప మనసుకి నిదర్శనంగా విన్నాను. అమ్మ కూడా అలాగే చెప్పేది.

ఫోను చేసినవాడు ఆ డప్పు కొట్టిన మనిషి మనవడు.

వేట మావాళ్ళది, గాయం వాళ్ళది. ఇప్పుడు జాలి నాది, అరెకరం వాళ్ళది. చీకట్లో పడుకుని ఈ లెక్క ఎటునుంచి కట్టినా అంతే తేలింది.

భారతంలో ధర్మవ్యాధుడి కథ మీకు తెలుసు. కౌశికుడనే బ్రాహ్మణుడు తనమీద రెట్ట వేసిన కొంగని కంటిచూపుతో చంపేసి, భిక్షకి ఒక ఇంటికి వెళతాడు. ఇల్లాలు మొగుడికి అన్నం పెట్టి కాస్త ఆలస్యంగా వస్తుంది. కళ్ళెర్రజేస్తే, ‘నేను కొంగని కాదు’ అంటుంది. ఆ తర్వాత ధర్మం తెలుసుకోవాలంటే మిథిలలో మాంసం అమ్ముకునే వ్యాధుడి దగ్గరికి వెళ్ళమంటుంది. ఆ వ్యాధుడు కౌశికుడికి చెప్పిన మాటల్లో ఒకటి మనం తొందరగా దాటేస్తాం. నాగలి దున్నితే నేలలో ఎన్ని ప్రాణాలు పోతున్నాయో చూశావా, హింస లేని బతుకు ఎక్కడుందో చూపించు అంటాడు. అది విని నేను శాకాహారిని కదా అని ధైర్యం తెచ్చుకోవడానికి లేదు. మన వంటింట్లో శెనక్కాయ నూనె సీసా ఉందే, దాని వెనకాల ఎన్ని రాత్రుల కాపలా ఉందో, ఎన్ని తీగలున్నాయో సీసా మీద రాయరు.

దసరా సెలవుల్లో అమ్మాయిని తీసుకుని చేనికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే తప్పు దిద్దుకోవడానికి. గుత్త ఈ ఏడు ఇవ్వొద్దని చెప్పాను. ‘విత్తనాలకూ మందుకూ పెట్టింది ఎవరిస్తారక్కా’ అని అడిగివుంటే బాగుండేది. అడగలేదు, ‘సరేక్కా’ అన్నాడు.

చేసిన ప్రయత్నాలన్నీ చూపించాడు. మంగలిషాపు నుంచి మూటకట్టి తెచ్చిన వెంట్రుకలు గట్లమీద చల్లారు. మనిషి వాసనకి పందులు రావట. రెండు రోజులు రాలేదు. సెల్‌ఫోన్‌లో పులి అరుపు పెట్టి చిన్న మైకుకి తగిలించారు. మా జిల్లా పందులు పులిని ఎప్పుడు చూశాయి గనక! నా మొదటి నవల్లో హీరో అనంతపురం దగ్గర పులిని కొడితే, ఇక్కడ పులులెక్కడివమ్మా అని ఉత్తరాలు వచ్చాయి. పందులు ఆ ఉత్తరాలు రాసినవాళ్ళకంటే తెలివైనవి. మిగిలింది మంచె. నాలుగు గుంజలమీద నులకమంచం, కింద పొగకి పిడకలు, చేతిలో డబ్బా, కర్ర, టార్చి. భార్యా భర్తా వంతులేసుకుని నలభై రోజులుగా నిద్ర మేలుకుంటున్నారు.

ఆ రాత్రి మేమూ మంచె ఎక్కాం. మా అమ్మాయి మొదట నక్షత్రాలు చూసి మురిసింది. పదకొండింటికి కునుకు తీసింది. రెండు దాటాక భార్య నా చేయి నొక్కింది. ముందు చప్పుడు వినపడింది. చీకట్లో ఎవరో వరసగా కూర్చుని కాయలు ఒలుచుకు తింటున్నట్టు పటపట, మధ్యలో చిన్న గురక. ఇంటి ముందు కూర్చుని మేం శెనక్కాయలు తినేటప్పుడు వచ్చే చప్పుడే. ఆయన టార్చి వేశాడు. ఎర్రగా జతలు జతలుగా కళ్ళు. పెద్దది ఒకటి తలెత్తి వెలుగుకేసి చూసి మళ్ళీ తినసాగింది. ఆ లెక్కలేనితనం చూసి నా ఒళ్ళు మండింది. అది ఒట్టి కోపం కూడా కాదు. గుండె దడదడలాడుతోంది, కాళ్ళలో ఏదో ఉరుకు, గొంతు ఎండిపోయింది. తాత కథలో ఊపిరి బిగబట్టిన పదేళ్ళ పిల్ల ఎక్కడికీ పోలేదు. చేతిలో డబ్బా బదులు ఆయన తుపాకి ఉంటే ఏం చేసేదాన్నో ప్రమాణం చేసి చెప్పలేను.

పక్కనుంచి మా అమ్మాయి లేచి, కర్రతో డబ్బా వాయిస్తూ, "కొట్టండి! దాన్ని కొట్టండి!" అని గొంతు చించుకుంది.

పందులు పోయాయి. తొందర లేకుండా, గట్టు దాటి, పక్క చేలోకి. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చీకట్లో ఎలాగూ కనపడదనుకోండి.

తెల్లవారుతుండగా మంచె దిగుతుంటే దూరంగా బీడులో మంద కనపడింది. ముప్పై దాకా జింకలు. ముందొక లేడి, చివర్న నల్లని ఇర్రి. ఏం విన్నదో ఏమో, ముందుది ఒక్కసారిగా ఎగిరింది. తర్వాత ఒక్కొక్కటీ అదేచోట, నేలలో స్ప్రింగు ఉన్నట్టు ఎగిరి ఎగిరి పోయాయి. పోతున్నంతసేపూ చప్పుడు లేదు. మా అమ్మాయి నోరు తెరుచుకుని నిలబడిపోయింది. నేనూ అంతే. మన రాష్ట్ర జంతువు కృష్ణజింక అని స్కూలు పుస్తకంలో చదవడం వేరు, మంచు ఆరని బీడుమీద చూడడం వేరు.

"చూడ్డానికి బాగుంటాయమ్మా" అంది ఆ ఇల్లాలు, చెంబుతో మొహం కడుక్కుంటూ. "కందిచెట్లు మొలకల్లో ఉన్నప్పుడు రెండుసార్లు మేసిపోయినాయి. మళ్ళీ విత్తుకున్నాం. అయినా బాగుంటాయి."

ఆ ‘అయినా’ అనడానికి ఆవిడకి హక్కుంది. నాకు లేదని ఆ పూట తెలిసింది.

బయలుదేరేటప్పుడు ఆవిడ మొహమాటపడుతూ, పాత చీరలుంటే పంపమని అడిగింది. చేను చుట్టూ గుంజలు పాతి చీరలు కడితే గాలికి రెపరెపలాడి పందులు జంకుతాయట. ఊళ్ళో చీరలన్నీ అయిపోయాయి. మా చుట్టుపక్కల ఏ చేను చూసినా ఇదే వేషం – ఎరుపు, పసుపు, పూలవీ చుక్కలవీ, ఎవరెవరి పెళ్ళిళ్ళకి పెట్టినవో.

ఇంటికొచ్చి బీరువా తెరిచాం. ఇరవై మూడు చీరలు తీశాం. పాతవి అయిపోయాక అమ్మాయి పైఅరలోంచి నా రిసెప్షన్ నాటి ఆకుపచ్చ పట్టుచీర తీసి, "ఇదెప్పుడూ కట్టవుగా" అని మూటలో పెట్టింది. నేను మళ్ళీ తీశాను. అది మళ్ళీ పెట్టింది. మూట బస్సుకి వేసి వచ్చాం. ఆ సాయంత్రమే అమ్మాయి స్టూలు తెచ్చుకుని కొమ్ములు అటకమీద నుంచి దింపి గోడకి తగిలించింది. ఎందుకని నేనడగలేదు. మా తాత మంచివాడేనా అన్న ప్రశ్న మాత్రం మళ్ళీ వేయలేదు. నా దగ్గర జవాబు తయారుగా లేదు గనక నేనూ గుర్తు చేయలేదు.

వారం తర్వాత ఫోను వచ్చింది.

"అక్కా, చీరలు కట్టినాం. మూడు దినాలు ఒక్క పందీ రాలేదు."

"నాలుగో రోజు?"

"వచ్చినాయి. ఆ పచ్చ పట్టుచీర ఉండ్లా, దాని కిందనుంచే దూరినాయి. అది బరువు కదక్కా, గాలికి ఎగరదు. తక్కినవి బాగా ఎగురుతాండాయి. పల్చటివి ఇంకో నాలుగుంటే పంపు."

మా అత్తగారి బీరువాలో ఉన్నాయి. ఆవిడ తీర్థయాత్రలనుంచి వచ్చేలోగా తాళంచెవి ఎక్కడుందో వెదకాలి.